పెరట్లో కూరగాయలు – పురుగుమందు లేకుండా పెంచుకోవడం ఎలా?

– నర్సింగ్ సూపరింటెండెంట్



కొన్నేళ్ల క్రితం వానాకాలంలో ఒక సాయంత్రం, నాచారం వైపు నుంచి మూడేళ్ల బాబును ఎత్తుకుని పరుగున వచ్చారు. నోటి వెంట నురగ, ఒళ్లంతా చెమట, కంటిపాపలు ఆవగింజంత అయిపోయి ఉన్నాయి. ఊపిరి గురగురలాడుతోంది. బట్టల వాసన చూడగానే మాకు సంగతి అర్థమైంది. పెరట్లో ఉన్న నాలుగు వంగ మొక్కలకు పురుగు పట్టిందని తండ్రి తెలిసినవాళ్ల దగ్గర కొంచెం పురుగుమందు అడిగి తెచ్చాడు. దాన్ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి బాత్రూం కిటికీలో పెట్టాడు. ఆ తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. అట్రోపిన్ ఇంజక్షన్లు, ఆక్సిజన్, రాత్రింబవళ్లు కాపలా. ఆరో రోజు పొద్దున బాబు లేచి కూర్చుని ఇడ్లీ అడిగాడు. దేవునికి స్తోత్రం.

డిశ్చార్జి రోజున ఆ తల్లి నన్ను ఆపి, "సిస్టరమ్మా, మందు ఇంట్ల పెట్టొద్దన్నరు, మంచిదే. మరి చెట్టుకు పురుగు పడితే ఏం కొట్టాలె?" అని అడిగింది. నేను రౌండ్ల తొందరలో ఉండి, "ఏమీ కొట్టొద్దమ్మా" అని చెప్పి వెళ్లిపోయాను. ఇంటికి వెళ్లాక అది జవాబు కాదని అనిపించింది. వచ్చే నెల వంకాయలో మళ్లీ పురుగు కనబడితే ఆమె మళ్లీ ఎవరి దగ్గరో ఒక సీసా అడిగి తెచ్చుకుంటుంది కదా! ఆ రోజు ఆమెకు చెప్పవలసిన జవాబును ఈ నెల మన పేజీలో వివరంగా రాస్తున్నాను. మట్టి దగ్గర మొదలుపెట్టి వంటగది దాకా వెళ్దాం. మధ్యలో పురుగు సంగతి కూడా వస్తుంది.

ఇంట్లో ఎందుకు పెంచుకోవాలి?

మన పక్కనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనల ప్రకారం, పెద్దవారు రోజుకు ఆకుకూరలతో కలిపి సుమారు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినాలి. మన ఇళ్లలో పళ్లెం నిండా అన్నం, పక్కన చెంచాడు కూర ఉంటుంది. దాని ఫలితం మేము రోజూ వార్డులో చూస్తున్నాం. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి, అయిదేళ్లలోపు పిల్లలలో 70 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది.

ఖరీదైన టానిక్కుల కోసం అప్పు చేసే తల్లులను చూశాను. అదే సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల తోటకూరలోనైనా, మునగాకులోనైనా 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం, 4 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఉన్నాయి. తోటకూర విత్తనాలు చల్లిన నెల రోజులకే కూరకు వస్తుంది.

ఒక మాట నిజంగా చెప్పాలి. పది తొట్లు పెట్టుకుంటే నలుగురున్న ఇంటికి కావలసిన కూరగాయలన్నీ రావు. కానీ వారానికి రెండు మూడుసార్లు ఆకుకూర, పప్పులోకి నాలుగు టమాటాలు, చారులోకి కొత్తిమీర, కరివేపాకు తప్పకుండా వస్తాయి. పిల్లలు తాము నీళ్లు పోసి పెంచిన కూరను మారాం చేయకుండా తింటారు. ఇది కూడా తక్కువ లాభం కాదు.

మొదట మట్టి

విత్తువాని ఉపమానం మనందరికీ తెలుసు. విత్తనం ఒక్కటే, పడిన నేలను బట్టి ఫలితం మారింది. పెరటి తోటకు కూడా ఇదే వర్తిస్తుంది.

చర్లపల్లి అనగానే బయటివారికి జైలు, పారిశ్రామికవాడ, 2025 జనవరిలో ప్రారంభమైన కొత్త రైల్వే టెర్మినల్ గుర్తుకొస్తాయి. కానీ ఇక్కడ కూరగాయలు పండించడం కొత్త సంగతి కాదు. సత్ప్రవర్తన గల ఖైదీలు పొలం పని చేసుకుంటూ ఉండే ఖైదీల వ్యవసాయ క్షేత్రం 1950లలోనే ఇక్కడ ఏర్పడింది. ఆ తర్వాత నాచారం, మల్లాపూర్, ఉప్పల్, చర్లపల్లి చుట్టూ ఫ్యాక్టరీలు పెరిగాయి. మన సంఘంలో ఎన్నో కుటుంబాలకు అవే అన్నం పెట్టాయి. వాటిని తిట్టడం నా ఉద్దేశం కాదు. అయితే ఫ్యాక్టరీలున్న చోట మట్టి విషయంలో జాగ్రత్త అవసరం. ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మన నగరంలోనే కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిని పరీక్షించి, సీసం, క్రోమియం వంటి బరువు లోహాలు ఎక్కువగా ఉన్నట్లు 2008లో ప్రచురించారు. మన వాడలో ప్రతి గజం నేలా అలాగే ఉందని దీని అర్థం కాదు. ఎక్కడి మట్టి పడితే అక్కడిది తేకూడదని మాత్రం అర్థం.

సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకైతే ఫరవాలేదు అనే హద్దు దానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పురుగుమందు కొట్టకుండా పెంచినా, చెడ్డ మట్టిలో పెరిగిన ఆకుకూర మంచి ఆకుకూర కాదు. అందుకని:

1. ఫ్యాక్టరీ గోడ పక్క, నాలా గట్టు, పాత బ్యాటరీలు విప్పే చోటు, చెత్త కాల్చే చోటు – ఇక్కడి మట్టిని తేవద్దు. ఖాళీ ప్లాటులో రాత్రిపూట లారీలు ఏం దించి వెళ్లాయో మనకు తెలియదు.

2. పెరటి నేల మీద అనుమానముంటే నేలలో వేయకుండా తొట్లలోనో, ఇటుకలు పేర్చి కట్టిన ఎత్తైన మడిలోనో తెచ్చిన ఎర్రమట్టి నింపి వేయండి.

3. అనుమానమున్న నేలలో ఆకుకూరలు, దుంపలు వద్దు. లోహాలు ఎక్కువగా చేరేది ఆకుల్లోకి, దుంపల్లోకే. టమాటా, బెండ, చిక్కుడు వంటి కాయల్లోకి తక్కువగా వెళతాయి.

4. రోడ్డు పక్క ఇల్లయితే తొట్లను వెనుక వైపు పెట్టండి. రోడ్డు దుమ్ము నేరుగా ఆకుల మీద పడుతుంది.

మట్టి కలిపే పాళ్లు సులభమే. రెండు గంపల ఎర్రమట్టికి ఒక గంప బాగా మాగిన పశువుల ఎరువు లేదా కంపోస్టు, ఒక గంప కొబ్బరి పొట్టు లేదా ఇసుక, తొట్టికి ఒక గుప్పెడు వేపపిండి. పిడికిట్లో పట్టుకుంటే ముద్ద కావాలి, వేలితో తడితే విడిపోవాలి. అది మంచి మట్టి.

ఏ డబ్బాలో వేస్తున్నారో చూడండి

మన ప్రాంతంలో నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు సెకండ్ హ్యాండులో చవకగా దొరుకుతాయి. వాటిలో అంతకుముందు ఏ రసాయనం ఉందో అమ్మేవాడికే తెలియదు. ఎన్నిసార్లు కడిగినా ప్లాస్టిక్ పీల్చుకున్నది పోదు. కూరగాయలకు గానీ, నీళ్లు పట్టుకోవడానికి గానీ అలాంటి డ్రమ్ములు వద్దు. పాత పెయింట్ డబ్బాలు కూడా వద్దు. మట్టి కుండీలు, పగిలిన బిందెలు, వంటనూనె డబ్బాలు, పండ్లు వచ్చే థర్మకోల్ పెట్టెలు, బియ్యం సంచులు చాలు. అడుగున నాలుగైదు రంధ్రాలు తప్పనిసరి.

ఆకుకూరలకు జానెడు లోతు సరిపోతుంది. టమాటా, వంగ, మిర్చికి అడుగు లోతు కావాలి. సొర, బీర, కాకర తీగలకు ఇంకా పెద్ద తొట్టి, పందిరి కావాలి.

మిద్దె మీద పెట్టేవారు బరువు మరచిపోకండి. ఇరవై లీటర్ల బకెట్టుకు తడి మట్టి నింపితే ముప్ఫై కిలోల వరకు తూగుతుంది. తొట్లను స్లాబు నడిమధ్యలో కుప్పగా పెట్టకుండా గోడల వెంబడి, పిల్లర్ల దగ్గర పెట్టండి. పాత ఇల్లయితే మేస్త్రీని అడగండి. కింద ఇటుక పెట్టి తొట్టిని కొంచెం ఎత్తితే స్లాబు చెమ్మగిల్లదు.

ఏ నీళ్లు పోయాలి?

కుళాయి నీళ్లు, వాన నీళ్లు, బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు అన్నీ మంచివే. సబ్బు పొడి, బ్లీచింగ్, ఫినాయిల్ కలిసిన నీళ్లు వద్దు. ఆర్.ఓ. మిషన్ నుంచి బయటికి పోయే నీళ్లలో లవణాలు ఎక్కువ. అవి ఒక్కటే రోజూ పోస్తే మట్టి చౌడుబారి ఆకుల అంచులు మాడతాయి. మంచినీళ్లలో కలిపి అప్పుడప్పుడు పోయవచ్చు.

నాలా నీళ్లు, శుద్ధి చేయని మూసీ నీళ్లు ఎట్టి పరిస్థితిలోనూ పోయవద్దు. ఉప్పల్, పీర్జాదిగూడ దాటి మూసీ వెంట ఆ నీళ్లతో ఎన్నో ఏళ్లుగా గడ్డి, ఆకుకూరలు పండించారు. ఆ నీళ్లలో దిగి పని చేసే రైతుల్లో కొంకిపురుగుల బాధ ఎక్కువగా ఉన్నట్లు 2008లో అచ్చయిన ఒక పరిశోధన తెలిపింది. కొంకిపురుగు పాదాల చర్మంలో నుంచి లోపలికి పోయి, పేగుల్లో చేరి రక్తం పీలుస్తుంది. రక్తహీనత తగ్గడానికి ఆకుకూర పెంచుతూ, ఆ నీళ్ల వల్లే రక్తహీనత తెచ్చుకుంటే ఏం లాభం?

తొట్టి మట్టిలో వేలు పెట్టి చూడండి. ఒక అంగుళం లోపల తడి ఉంటే ఆ రోజు నీళ్లు వద్దు. చాలామంది ప్రేమకొద్దీ ఎక్కువ నీళ్లు పోసి వేళ్లు కుళ్లబెడతారు.

ఎరువు ఇంట్లోనే

మూత ఉన్న ఒక బకెట్టుకు చుట్టూ రంధ్రాలు చేయండి. అడుగున ఎండుటాకులు పరచండి. కూరగాయల తొక్కలు, టీ పొడి, పండ్ల తొక్కలు ఒక గిన్నెడు వేస్తే, దాని మీద మూడు గిన్నెల ఎండుటాకులు వేయండి. కొద్దిగా మజ్జిగ గానీ పాత ఎరువు గానీ చల్లండి. వారానికి ఒకసారి కలపండి. మూడు నెలల్లో నల్లగా, వాన తడిసిన మట్టి వాసనతో ఎరువు తయారవుతుంది. కంపు కొడితే తడి ఎక్కువైందన్నమాట, ఎండుటాకులు ఇంకా వేయండి. మాంసం, చేప ముళ్లు, నూనె కూరలు వేస్తే ఎలుకలు వస్తాయి. కట్టెల బూడిద కొంచెం వేయవచ్చు. చెత్త, ప్లాస్టిక్, రంగు వేసిన చెక్క కాల్చిన బూడిద మాత్రం వేయకూడదు.

జీవామృతం గురించి చాలామంది అడుగుతున్నారు. ఇంటి మట్టుకు అర కిలో ఆవుపేడ, అర లీటరు ఆవు మూత్రం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల శనగపిండి, గుప్పెడు మంచి మట్టి పది లీటర్ల నీళ్లలో కలిపి, నీడలో రెండు రోజులు ఉంచి, రోజుకు రెండుసార్లు కలియబెట్టాలి. ఆ తర్వాత పదింతల నీళ్లు కలిపి మొదళ్లలో పోయాలి. నర్సుగా నేను చేర్చే మాట ఒకటుంది. పేడలో విరేచనాలు కలిగించే క్రిములు ఉంటాయి. కనుక కోసి తినే ఆకుల మీద దీన్ని చల్లవద్దు. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా, ఉల్లికాడలకు అసలే వద్దు. అమెరికా సేంద్రియ ప్రమాణాల్లో, మట్టికి తగిలే పంట అయితే పచ్చి పేడ వేసిన 120 రోజుల తర్వాతే కోయాలని నియమం ఉంది. బాగా మాగిన ఎరువుకు ఈ భయం చాలా తక్కువ. అందుకే మొదటిసారి తోట పెట్టేవారు కంపోస్టుతోనే మొదలుపెట్టండి.

ఎప్పుడు ఏవి వేయాలి?

మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడ్డాక బెండ, సొర, బీర, కాకర, చిక్కుడు గింజలు పెట్టండి. వంగ, టమాటా, మిర్చి నారు కూడా అప్పుడే పోసుకోవచ్చు. దసరా దాటాక పాలకూర, మెంతికూర, కొత్తిమీర, ముల్లంగి బాగా వస్తాయి. తోటకూర, పుంటికూర, బచ్చలి దాదాపు ఏడాదంతా వస్తాయి. ఎండాకాలం తొట్లకు పాత చీర నీడగా కట్టండి. గంగవాయిలి కూర ఎవరూ వేయకుండానే తొట్టిలో మొలుస్తుంది. దాన్ని పీకి పారేయకుండా పప్పులో వేసుకోండి.

మెంతికూర మూడు వారాలకు, తోటకూర నాలుగు వారాలకు, పాలకూర అయిదు వారాలకు కోతకు వస్తాయి. వేరుతో పీకకుండా రెండంగుళాలు వదిలి కోస్తే తోటకూర, పాలకూర మళ్లీ చిగురిస్తాయి. విత్తనాలన్నీ ఒకేసారి చల్లకండి. పది రోజులకొక తొట్టి చొప్పున వేస్తే కూర తెగకుండా వస్తుంది. నేల ఉన్నవారు ఒక మునగ, ఒక కరివేపాకు, ఒక నిమ్మ నాటండి.

దుకాణంలో గులాబీ రంగులో, నీలం రంగులో మెరిసే విత్తనాలు ఇస్తారు. అది శిలీంధ్ర నాశిని పూత. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడగండి, పిల్లలకు అందనీయకండి. మిగిలిన మెంతులు, ధనియాలు కదా అని అలాంటివి పోపుడబ్బాలో వేయకండి.

పురుగు పడితే ఏం చేయాలి?

ఇప్పుడు ఆ తల్లి అడిగిన ప్రశ్నకు వద్దాం. ఆకు మీద ఒక రంధ్రం కనబడితే భయపడవద్దు. పురుగు కొంచెం తిన్నా మనకు చాలా మిగులుతుంది. రోజూ పొద్దున అయిదు నిమిషాలు ఆకులు తిప్పి చూడడమే అన్నిటికన్నా పెద్ద మందు.

* గొంగళి పురుగులు, గుడ్ల సముదాయాలు: చేత్తో ఏరి సబ్బు నీళ్లలో వేయండి.

* వంగలో వాలిపోయిన చిగుళ్లు, తొలిచిన కాయలు: వెంటనే తుంచి, సంచిలో కట్టి పారేయండి. తొట్టి పక్కన పడేస్తే పురుగు మళ్లీ చెట్టెక్కుతుంది.

* పేనుబంక: నీళ్లు జోరుగా కొట్టి కడిగేయండి. ఎర్రటి వీపు మీద నల్లటి చుక్కలున్న అక్షింతల పురుగు కనబడితే చంపకండి. అది రోజుకు పదుల కొద్దీ పేనును తింటుంది.

* పిండినల్లి: సబ్బు నీళ్లలో ముంచిన దూదితో తుడవండి.

* తెల్లదోమ: పసుపు రంగు అట్టకు ఆముదం పూసి మొక్కల మధ్య వేలాడదీయండి. బెండ ఆకులు పచ్చబారి ఈనెలు తేలితే అది తెల్లదోమ తెచ్చే తెగులు. ఆ మొక్కను పీకేయండి, మందు ఉండదు.

* బూడిద తెగులు: పుల్లటి మజ్జిగను పదింతల నీళ్లలో కలిపి చల్లండి.

* టమాటా మధ్యలో బంతి మొక్కలు వేయండి. కాయ తొలిచే పురుగు తల్లి వెళ్లి బంతి మీద గుడ్లు పెడుతుంది.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే వేప. 50 గ్రాముల వేపగింజల పలుకులు దంచి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పల్చటి గుడ్డలో వడకట్టి, చిటికెడు సబ్బు కలిపి సాయంత్రం పూట ఆకుల కింది వైపు తడిసేలా చల్లండి. వారానికొకసారి, మూడుసార్లు. గింజలు దొరకకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం. చల్లిన తర్వాత నాలుగైదు రోజులు ఆగి, కడిగి వండుకోండి.

ఇంత చిన్న వైద్యంతో పురుగు ఆగుతుందా అని అనుమానం రావచ్చు. మన ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డులో వెళితే వచ్చే జనగామ జిల్లాలో, లింగాలఘనపురం మండలం ఏనెబావి అనే చిన్న ఊరి రైతులందరూ రసాయనాలు మానేసి, 2006లో తమది పూర్తి సేంద్రియ గ్రామమని ప్రకటించుకున్నారు. అంతకుముందే పాల్వంచ దగ్గరి పునుకుల గ్రామస్థులు పత్తి చేలల్లోనే పురుగుమందు మానుకున్నారు. అంతకుముందు మందు కొడుతూ ఒళ్లు పాడు చేసుకున్నవాళ్లు వాళ్లు. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి–వెల్లుల్లి కషాయం, దీపపు ఎరలు, లింగాకర్షక బుట్టలతోనే ఎకరాల పత్తిని కాపాడుకున్నారు. మనవి పది తొట్లే కదా!

సహజమైనదంతా సురక్షితం కాదు

ఈ మాట ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. ఇంట్లో చేసిన మందు కాబట్టి ఏమీ కాదనుకోవడం పొరపాటు.

వేపనూనె మొక్కకు మంచిదే. కానీ పసిపిల్లలకు తాగిస్తే వాంతులు, ఫిట్స్ వచ్చి స్పృహ తప్పుతారు, ప్రాణం కూడా పోవచ్చు. కడుపులో పురుగులకని నానమ్మలు చెంచాతో పట్టించే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. దయచేసి మానేయండి. పొగాకు కషాయంలో ఉండే నికోటిన్ చర్మం ద్వారా కూడా ఒంట్లోకి ఎక్కే విషం. పైగా పొగాకు నుంచి టమాటా, మిర్చికి వైరస్ తెగులు అంటుకుంటుంది. ఆ కషాయం జోలికి పోవద్దు. మిర్చి కషాయం చల్లేటప్పుడు కళ్లకు అద్దాలు పెట్టుకుని, గాలికి ఎదురు నిలబడకండి.

ఏ మందయినా సరే తాగే సీసాలో, వంట గిన్నెలో పోయకూడదు. ఖాళీ మందు డబ్బాను వంటింట్లోకి తేకూడదు. 2013 జూలైలో బీహార్‌లోని గండామన్ గ్రామంలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. ఈ మందును కూరగాయల మీద వాడరాదని ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. 2023లో దాని 36 శాతం ద్రావణాన్ని పూర్తిగా నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. పాత సీసాలు ఎవరి అటకమీదనైనా ఉండవచ్చు, వెతికి చూడండి.

మందు డబ్బా మీద రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అతి తీవ్ర విషం, పసుపు తీవ్ర విషం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ కొంచెం తక్కువ. ఆకుపచ్చ గుర్తు ఉంది కాబట్టి అది సేంద్రియం అని ఒకరు నాతో వాదించారు. కాదు. అది కూడా విషమే.

తోటపని చేసేవారి ఆరోగ్యం

1. మట్టిలోకి వట్టి కాళ్లతో దిగకండి. చెప్పులు కాదు, బూట్లు మంచివి. షుగర్ ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పని అయ్యాక కాళ్లు కడిగి, వేళ్ల మధ్య చూసుకోండి.

2. మట్టిలో, పేడలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి. ముల్లు గానీ, తుప్పు పట్టిన రేకు గానీ గుచ్చుకుంటే ధారగా నీళ్లు, సబ్బుతో కడిగి ఆసుపత్రికి రండి. గాయం మీద పేడ, కిరోసిన్, బూడిద పెట్టవద్దు. ఆఖరి టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తుంచుకుని చెప్పండి.

3. కుండీల కింద పెట్టే పళ్లేలలో నీళ్లు నిలిస్తే వారం పది రోజుల్లో డెంగీ దోమలు తయారవుతాయి. ప్రతి ఆదివారం ఉదయం పది గంటలకు పది నిమిషాలు ఇంటి చుట్టూ నిలిచిన నీళ్లు పారబోయాలని 2020లో ప్రభుత్వం ప్రచారం చేసింది. ఆ సమయంలో మనం ఆరాధనలో ఉంటాం కనుక శనివారం సాయంత్రమే ఆ పని చేసుకోండి. నీళ్లు పారబోస్తే చాలదు, పళ్లేన్ని పీచుతో రుద్దాలి. అంచుకు అంటుకున్న గుడ్లు ఎండినా నెలల తరబడి చావవు.

కోసి వండేటప్పుడు

మన ఇంటిదే కదా అని కడగకుండా వండకండి. ఆకుకూరను రెండు మూడుసార్లు నీళ్లలో జాడించి, ఆ తర్వాతే తరగండి. తరిగి కడిగితే సత్తువ నీళ్లలో పోతుంది. మూతపెట్టి తక్కువ నీళ్లతో వండండి. అన్నంలో నిమ్మరసం పిండుకుంటే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం కాగానే టీ తాగితే పట్టదు. గంటసేపు ఆగండి.

గర్భిణీలు ఆకుకూర తింటున్నామని ఐరన్ మాత్రలు మానకూడదు. రెండూ కావాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు, కిడ్నీలో రాళ్లు వచ్చినవారు, రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు ఏ ఆకుకూర ఎంత తినాలో డాక్టరును అడిగి తెలుసుకోండి.

ఎవరైనా మందు మింగితే

ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. వాంతి చేయించవద్దు. ఉప్పు నీళ్లు, పాలు, మజ్జిగ, పేడనీళ్లు ఏవీ పట్టవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. మందు పడిన బట్టలు విప్పి, ఒంటిని సబ్బు నీళ్లతో కడగండి. కడిగేవారు చేతులకు ప్లాస్టిక్ సంచి తొడుక్కోండి. మనిషిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మందు సీసాను, దాని మీది కాగితంతో సహా మాకు తెచ్చి చూపండి. ఆ చిన్న కాగితం మాకు ఎంతో సమయం ఆదా చేస్తుంది.

ప్రియ పాఠకులారా, ఈ వారం ఒక్క పని చేయండి. ఇంట్లో ఎక్కడైనా పురుగుమందు సీసా ఉంటే దాన్ని పిల్లలకు అందకుండా తాళం వేసిన చోట పెట్టండి. మోరీలో మాత్రం పారబోయకండి. సీసా తాళంలో పెట్టాక ఒక తొట్టిలో మట్టి కలిపి తోటకూర విత్తనాలు చల్లండి. నెల తిరిగేసరికి మీ ఇంట్లో కూర ఉంటుంది. ఆ బాబు ఇప్పుడు బడికి వెళుతున్నాడు. వాళ్లమ్మ క్రిందటి సంవత్సరం ఓ.పి.కి వచ్చినప్పుడు నాకు ఒక కట్ట పుంటికూర తెచ్చి ఇచ్చింది. "ఏం కొట్టినవమ్మా దీనికి?" అని నేనే అడిగాను. "ఏం కొట్టలే సిస్టరమ్మా, పొద్దుగాల లేచి పురుగులు ఏరుతున్న" అంది.

మన తొలి తల్లిదండ్రులను దేవుడు ఒక తోటలో ఉంచి, దాన్ని సేద్యపరచి కాచుకొమ్మని అప్పగించాడు. మనకున్నది నాలుగు తొట్లే అయినా నమ్మకంగా కాచుకుందాం. దేవుడు మీ ఇంటిని, మీ పెరటిని, మీ పిల్లలను దీవించును గాక.